నా పేరు భూలక్ష్మి కాదు

నా భయం ఒక్కటే. ఈ బిడ్డ నిలవదేమోనని. దాచుకుని చేసేదేమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మిగతా భయాలన్నీ దీని వెనకాలే నిలబడ్డాయి. ఈ సాయంత్రం వాటిలో ఒకటి దీన్ని తోసుకుని ముందుకొస్తుందని మాత్రం అనుకోలేదు.

పోయిన వారం కథ ఆగింది, ఆరో అంతస్తులో ఆడవాళ్ల బాత్రూం ముందర నేను పడిపోయిన చోట. నేల తడిగా ఉంది, జాగ్రత్త అని చెప్పే పసుపుపచ్చ బోర్డు పక్కనే పడ్డాను. ఆ బోర్డు పెట్టింది నేనే. పడిపోయే ముందు నేల మీద చుక్కలుగా రాలిన నా రక్తాన్ని తుడిచిందీ నేనే. తుడిచి, మాపు పిండి, బకెట్ పక్కన పెట్టి, అప్పుడు గోడ పట్టుకున్నాను. ఏం చేస్తాం, చేతికి అలవాటైన పని. ఎవరన్నా చూస్తే బాగుండదనే తోచింది గానీ, ఎవరన్నా చూసి పట్టుకుంటే బాగుండునని తోచలేదు.

ఇప్పుడే ఈ కథ అందుకున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. నా పేరు రేణుక. ఏడో తరగతిలో బడి మానిపించారు. ఈ హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల్లో ఊడ్చి తుడవడానికి కూడా ఏజెన్సీ వాళ్లు పదో తరగతి మెమో అడుగుతారు. అది నాకు లేదు, భూలక్ష్మికి ఉంది. మదీనాగూడలో మా కిరాయి గదికి నాలుగిళ్ల అవతల ఉంటుంది భూలక్ష్మి. ఉద్యోగం ఆమెది, కార్డు ఆమెది, కార్డు మీది ఫోటో కూడా ఆమెదే. పొద్దున పూట ఆమె చేస్తుంది. మధ్యాహ్నం గేటు బయట చెట్టు చాటున కార్డు తీసి నా మెడలో వేస్తుంది. అక్కడి నుంచి చీకటి పడేదాకా నేనే భూలక్ష్మిని. జీతం వస్తే చెరి సగం. పొద్దుటి సూపర్‌వైజర్ వేరు, మధ్యాహ్నం సూపర్‌వైజర్ వేరు. మెడలో కార్డు వేలాడుతుందా లేదా అని చూస్తారు గానీ, మాపు పట్టిన మనిషి మొహం ఎవరు చూస్తారు?

కార్డు నాకిచ్చి భూలక్ష్మి చందానగర్ పోతుంది. అక్కడ ఒక షాపు మీది గదిలో మగ్గం పని నేర్చుకుంటోంది, బ్లౌజుల మీద జరీ, పూసలు కుట్టే పని. ఆ సంగతి అత్త బాలమ్మకు తెలియదు. పొద్దుగూకేదాకా కోడలు ఆఫీసులోనే ఉంటుందని ఆమె నమ్మకం. కొడుకు స్వామి మస్కట్ పోయి రెండో ఏడు నడుస్తోంది. మొగుడు దగ్గర లేని కోడలు ఆఫీసుకు పోవాలి, ఇంటికి రావాలి, మధ్యలో ఇంకో గడప తొక్కకూడదు. అది బాలమ్మ పట్టు.

ఇక నా సంగతి. నాకిప్పుడు రెండో నెల. మూడో నెల దాటేదాకా నోటి వెంట రానీయొద్దు, దిష్టి తగులుతుందని మా అమ్మ మాట. నా మొగుడు మహేందర్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఒకే డబ్బాలో అన్నం తినే భూలక్ష్మికి కూడా చెప్పలేదు. మహేందర్ మా అమ్మ దగ్గరున్న పాపను తీసుకొస్తానని ఊరికి పోయాడు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. ఇప్పుడు రైళ్లు కూడా ఆపారు. మహేందర్ ఆగిన రైలులో ఉన్నాడో, దిగి పట్టాల మీద కూర్చున్నవాళ్లలో కలిశాడో తెలియదు. ఊర్లో కరెంటు ఉంటే కదా, ఫోను చార్జింగ్ పెట్టుకునేది.

ఇంతవరకూ జరిగింది ఇది. మళ్లీ నేను కళ్లు తెరిచేసరికి ఒక ఆయా నా చెంపలు తడుతోంది.

"భూలక్ష్మీ! ఓ భూలక్ష్మీ! లే బిడ్డా, కండ్లు తెరువు."

నేను తెరిచాను. పైన ఫ్యాను తిరగడం లేదు. ఏజెన్సీ కార్డు చూపిస్తే పైసలు అడగకుండా చూసే చిన్న దవాఖాన అది. ఆఫీసు జీపులో తెచ్చి పడుకోబెట్టారట. ఆయా పేరు అంజమ్మ. నడివయసు మనిషి. చేతులు గరుకుగా ఉన్నాయి, మాట మాత్రం మెత్తన.

"పానం ఎట్లుంది? కడుపుల నొస్తుందా?"

"జర జర నొస్తుంది. నడుముల గుంజుతుంది."

"ఏం గాదు, ఫికర్ జేయకు. రాష్ట్రమంత బందు పెట్టిన్రు గని, ఈ కడుపుల పోరగాండ్లు మాత్రం ఒక్కడన్న బందు పెడ్తడా? పొద్దటిసంది రెండు కాన్పులు. నువ్వు మూడోదానివి."

నవ్వాలనుకున్నాను. నవ్వితే మళ్లీ రక్తం కదులుతుందేమోనని ఊరుకున్నాను. తెల్లవారుజామున గోధుమరంగు మరక చూసినప్పుడే ఇట్లా ఊపిరి బిగబట్టడం మొదలైంది. వేడి చేసిందనుకున్నాను. నిన్న నువ్వుల ముద్ద తిన్నాను, అదే కారణమనుకున్నాను. సబ్జా నీళ్లు తాగి పనికొచ్చాను. పాప కడుపులో ఉన్నప్పుడు ఇట్లాంటిది ఒక్కటి కూడా లేదు. వాంతులు మాత్రం అయ్యేవి. అమ్మ వీపు నిమిరేది, అంతటితో సరిపోయేది. ఇప్పుడు ఏది మామూలో ఏది కాదో అడగడానికి మనిషి లేదు. అడగాలంటే ముందు కడుపుతో ఉన్నానని చెప్పాలి కదా.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ టీవీలాంటి దానివైపే చూస్తోంది. ఆమె మొహం మీద ఆ నీలం వెలుగు పడుతోంది. నేను ఆమె కనుబొమలే చూస్తున్నాను. అవి దగ్గరికి రాకపోతే చాలని మొక్కుకున్నాను.

"సంచి కనబడుతోందమ్మా. గర్భసంచిలోనే ఉంది, అది మంచి మాట. గుండె కొట్టుకోవడం ఇంకా కనబడట్లేదు."

"లేదా మేడమ్?"

"లేదని అనట్లేదు. కనబడట్లేదు అంటున్నా. నీ తేదీలు కొంచెం అటూ ఇటూ అయి ఉంటే ఇంకా టైం కాలేదేమో. పది రోజులాగి మళ్లీ చూద్దాం. ఇట్లా రక్తం కనబడినవాళ్లలో చాలామందికి నిలబడుతుంది. కొందరికి నిలబడదు. ఇవాళ ఏదీ గట్టిగా చెప్పలేను. ఈ రాత్రికి ఇక్కడే ఉండు, మంచం దిగకు. నొప్పి పెరిగినా, రక్తం ఎక్కువైనా, కళ్లు తిరిగినా వెంటనే పిలవాలి. సరేనా భూలక్ష్మీ?"

సరేనన్నాను. పది రోజులు. గుండె ఉందో లేదో తెలియని ఒక ప్రాణంతో పది రోజులు ఎట్లా మాట్లాడాలి? నువ్వున్నావా అని లోపలికి అడిగి చూశాను. సమాధానం రాదని తెలుసు. తెలిసీ అడిగాను. కిటికీ బయట ఊరేగింపు పోతోంది. జై తెలంగాణ అంటుంటే అద్దం కొద్దిగా అదురుతోంది. మామూలు రోజుల్లో ఆ మాట వింటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇవాళ మాత్రం, అంతమంది గొంతులు వినబడుతున్నా, వాటిలో నన్ను రేణుకా అని పిలిచే గొంతు ఒక్కటి కూడా లేదు కదా అనిపించింది.

మంచం దగ్గరికి తెచ్చాక నర్సు నా మెడలోంచి కార్డు తీసి, దాని వెనకవైపు చదువుతూ అంజమ్మతో అంది, "బ్లడ్ గ్రూప్ బి పాజిటివ్. ఇదే రాస్తున్నా."

నేను దిండు మీంచి తల ఎత్తాను.

పాప పుట్టినప్పుడు ఊర్లో సర్కారు దవాఖాన నర్సమ్మ నాకు సూది వేస్తూ చెప్పిన మాట ఒక్కసారిగా చెవిలో పడింది. 'నీది నెగెటివ్ రక్తం బిడ్డా. మల్ల ఎప్పుడన్న కడుపొచ్చి ఎర్రగ కనబడితే, మొట్టమొదాలు గీ మాటనే చెప్పాలె. చెప్పకుంటే బిడ్డకు మంచిది గాదు. మరువకు.' ఏడో తరగతితో ఆగిపోయినదాన్నే గానీ, ఆ మాట మరిచిపోలేదు.

కార్డు మీద ఉన్నది భూలక్ష్మి రక్తం. నాలోంచి పోతున్నది నా రక్తం.

నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. నాదీ, ఆమెదీ. మధ్యాహ్నం మగ్గం ముందు తలవంచుకుని కూర్చునే భూలక్ష్మి కళ్ల ముందు కనబడింది. విప్పకపోతే ఈ బిడ్డకు దక్కాల్సిన సూది దక్కదు. ఎక్కువసేపు ఆలోచించలేదు. చేతులు పొట్ట మీదికి వాటంతట అవే పోయాయి.

"అక్కా, అది రాయకు. నాది నెగెటివ్."

"కార్డు మీద పాజిటివ్ అని ఉందిగా?"

"కార్డు నాది గాదు. నా పేరు భూలక్ష్మి గాదు."

నర్సు పెన్ను ఆగింది. నన్నొకసారి, ఫోటోనొకసారి చూసింది. ఇన్ని నెలల్లో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి మనిషి ఆమే. "డాక్టర్‌గారికి చెప్తా. రక్తం మళ్లీ తీసి చూస్తాం," అని గబగబా వెళ్లింది. దవాఖాన వాళ్లకు అంతే కావాలి. వాళ్లు కోప్పడలేదు కూడా.

కోపం తలుపు దగ్గర నిలబడి ఉంది.

మా మధ్యాహ్నం సూపర్‌వైజర్ రత్నమాల మేడమ్. చేతిలో కొబ్బరి బోండాం. భీమవరం వైపు మనిషి. నన్ను జీపులో తెచ్చింది ఆమేనని అప్పుడే తెలిసింది. ఆమె చీర కుచ్చిళ్ల మీద నా రక్తం మరక ఎండిపోయి ఉంది.

"ఏంటమ్మా నువ్వనేది? భూలక్ష్మివి కాకపోతే నువ్వెవరు?"

"రేణుకను మేడమ్."

"రేణుకవా? ఎండాకాలం నుంచీ నిన్ను భూలక్ష్మీ, భూలక్ష్మీ అని గొంతు పోయేలా పిలుస్తున్నానే!"

"పలికిన గదా మేడమ్."

"పలికావు! అదొకటి మళ్లీ గొప్ప." బోండాం బల్ల మీద ఠక్కున పెట్టింది. "మీరిద్దరూ కలిసి నా నెత్తిన ఎంత రాయి పెట్టారో తెలుసా? రేపు ఏజెన్సీ వాళ్లడిగితే నేనేం చెప్పను? అసలే ఈ గొడవల్లో నేను ఏం మాట్లాడినా ఆంధ్రావాళ్లు అంటున్నారు. మీవాళ్లు పని మానేస్తే నా తప్పు, చేస్తే నా తప్పు. ఇప్పుడు దొంగ పేరుతో మనిషిని పెట్టుకుందని కూడా నామీదే వేస్తారు. కడుపుతో ఉన్నదానివి, ఒక్క మాట చెప్తే కూర్చుని చేసే పని ఇచ్చేదాన్ని కదే! బకెట్లు మోయించానే నీచేత!"

చివరి మాట అనేటప్పటికి ఆమె గొంతు మారింది. తిట్టే మనిషి మొహంలా లేదు ఆమె మొహం.

"మూడో నెల దాటినంక చెప్దామనుకున్న మేడమ్."

"మూడో నెలా! మా అమ్మా అంతే. దాచి దాచి..." అని ఆగిపోయింది. ఎవరిని తలుచుకుందో అడగలేదు. బోండాంలో స్ట్రా వేసి నా నోటికి అందించింది. "తాగు ముందు. తర్వాత తిడతాను."

నేను రెండు గుటకలు మింగాను. చాలా రోజుల తర్వాత ఎవరో నా నోటికి ఏదో అందించారు. కళ్లలో నీళ్లొచ్చాయి. రత్నమాల మేడమ్ నా జుట్టు వెనక్కి తోస్తూ, నన్ను ఓదార్చడానికే అంది ఆ మాట.

"ఏడవకు. ఒంటరిదానివి అనుకోకు. మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పాను."

"ఏ ఇంటికి మేడమ్?"

"కార్డు మీద నంబరు ఉంది కదా. మీ అత్తగారు ఎత్తింది."

స్ట్రా నా పళ్ల మధ్య అట్లాగే ఉండిపోయింది.

"ఏం చెప్పిన్రు?"

"ఉన్నదే చెప్పాను. రెండో నెల అని జీపులో మగతలో నువ్వే గొణిగావు కదా. మీ కోడలు భూలక్ష్మి ఆఫీసులో పడిపోయిందండి, కడుపుతో ఉంది, రక్తం పోతోంది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం అన్నాను. ఎన్నో నెల అని అడిగింది. రెండో నెలట, మీకింకా చెప్పలేదా అన్నాను. ఇక మాట్లాడలేదు. పెట్టేసింది. సంతోషం, కంగారు కలిసి నోట మాట రాలేదేమో అనుకున్నాను."

నేను లేచి కూర్చున్నాను. అంజమ్మ "ఏయ్, ఏయ్, పండుకో" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, భూలక్ష్మి మొగడు మస్కట్‌ల ఉన్నడు. పోయి రెండో ఏడు."

బయట ఊరేగింపు దూరమైపోయింది. అంజమ్మ తలమీద కొంగు సర్దుకుని, "అవ్వో... ఆ పిల్ల ఇంటికి పోయిందా?" అని మెల్లగా అడిగింది.

ఇంకా పోయి ఉండదు. చందానగర్‌లో మగ్గం దింపి, సూదులు డబ్బాలో పెట్టి, ఆఫీసు నుంచి వస్తున్నదానిలా మొహం పెట్టుకుని, నడుచుకుంటూ పోతుంది. రోజూ దీపాలు పెట్టే వేళకు గడప తొక్కుతుంది. ఆమెకు ఏమీ తెలియదు. నాకు కడుపన్న సంగతే తెలియదు. ఏ నిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా అంతుపట్టదు. ఆఫీసులోనే ఉన్నానని అంటుంది, రోజూ చెప్పే అబద్ధమే. నేను పడిపోలేదని అంటుంది, అది నిజం. ఆ రెండూ కలిస్తే వాళ్లకు ఏమర్థమవుతుంది? ఆమె మరిది నరేందర్ వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. మాట కన్నా చెయ్యి ముందు లేచే మనిషి. అన్న పరువు తన చేతిలో ఉందనుకుంటాడు.

"మళ్ల ఫోన్ చెయ్యున్రి మేడమ్. మీ కాళ్లు మొక్కుత. నిజం చెప్పున్రి. ఉద్యోగం పోతే పోనీ."

రత్నమాల మేడమ్ నంబరు నొక్కింది. స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగాక బాలమ్మ గొంతు వినబడింది.

"ఎవరు?"

"అమ్మా, నేనండి, ఇందాక ఆఫీసు నుంచి చేశాను కదా. చిన్న పొరపాటు జరిగిందండి. ఇక్కడున్నది మీ భూలక్ష్మి కాదండి..."

"మంచిగ చెప్తున్నవమ్మా. ఇందాక భూలక్ష్మి అంటివి, ఇప్పుడు గాదంటివి. అదే నేర్పిందా నీకు గిట్ల చెప్పుమని?"

నేను ఫోను వైపు వంగి అరిచాను. "అత్తా, నేను రేణుకను! మహేందర్ పెండ్లాన్ని! కడుపుతోని ఉన్నది నేను!"

"నువ్వా? నాలుగిండ్ల అవతల ఉంటవు, నిన్న నల్లా కాడ నిలబడి మాట్లాడినవు. కడుపుంటే నాకు చెప్పకపోదువా?" ముక్కు ఎగబీల్చడం వినబడింది. "మీరు దోస్తులు. దానికోసం నువ్వు ఏమన్న చెప్తవు. గిసొంటి మాట మీదేసుకోకు బిడ్డా, ఇంటిదానివి. గా పేరుగల్ల మనిషి ఇగ మా ఇంట్ల లేదు."

ఆమె వెనకనుంచి మగగొంతు. "ఫోన్ పెట్టే అమ్మా. రానీ దాన్ని."

తర్వాత మోగలేదు. స్విచ్చాఫ్. రత్నమాల మేడమ్ మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది. నా ఫోను ఆఫీసు లాకర్లో ఉంది. చేతిలో ఉన్నా లాభం లేదు, భూలక్ష్మికి ఫోనే లేదు. ఆ గల్లీలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు.

మంచం మీంచి ఒక కాలు కింద పెట్టాను. నేల చల్లగా తగిలింది. అంతే, లోపల ఏదో వెచ్చగా జారింది. అంజమ్మ రెండు చేతులూ నా భుజాల మీద వేసి వెనక్కి వాల్చింది.

"నీకు బిడ్డ గావాల్నా వద్దా? కదలకు!"

"భూలక్ష్మి..."

"ఎట్ల పోతవు? బస్సు లేదు, ఆటో లేదు. హైవే మీద మందే మంది. గేటు దాటకముందే పడిపోతవు."

రత్నమాల మేడమ్ బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా పోయింది. గడప మీద ఆగింది. "నేను వెళ్తాను. జీపు తిరిగి పంపేశాను. దారి తెలీదు, అడుగుతూ నడిచే వెళ్తాను," అంది. మళ్లీ మెల్లగా, "నా మాట తీరు విని వాళ్లు తలుపు తీస్తారా రేణుకా?" అని అడిగింది.

ఈ దవాఖానలో ఒక మనిషి నన్ను నా పేరుతో పిలవడం అదే మొదటిసారి. గల్లీ గుర్తులు మాత్రం చెప్పగలిగాను. ఆమె వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగి, వినబడకుండా పోయింది. నేను పొట్ట మీద చేతులు పెట్టుకుని, కిటికీలో వెలుతురు ఎర్రబడటం చూస్తూ పడుకున్నాను. మదీనాగూడ ఇక్కడికి చాలా దూరం. ఆమె చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరన్నా మదీనాగూడ వైపు ఉంటే, హైవే మీంచి నీళ్ల ట్యాంకు పక్క గల్లీలోకి తిరగండి. నీలం రంగు రేకు గేటు. అది బాలమ్మ ఇల్లు. కడుపుతో ఉన్నది రేణుక అని చెప్పండి. గట్టిగానే చెప్పండి, గల్లీ అంతా వింటే విననీయండి. మూడు నెలల మాట ఇక లేదు, దిష్టి తగిలితే నాకు తగలనీయండి. వాళ్లు నమ్మకపోయినా, గేటు తీయకపోయినా, వెనక్కి తిరగొద్దు. భూలక్ష్మీ అని పిలవండి. ఆమె లోపలినుంచి పలికేదాకా అక్కడే నిలబడండి.